లెక్కలోకి రాని మొదటి గుండు

శుక్రవారం. దశమి దాటి మూడో రోజు

పద్నాలుగో నంబరు తుపాకీ మళ్ళీ నా బల్ల మీదికొచ్చింది. పండగకు ముందే దీని గురి కుదిర్చి, స్కోపు మరల మీద లక్క పోసి, బొటనవేలి ముద్ర వేసి పంపినా. లక్క చెదరలేదు. ముద్ర నాదే.

నిన్న నీళ్ళ రోజు. కట్ట మీద కావలి మద్దిలేటిది. నీళ్ళకొచ్చిన ఒక ఆడమనిషికి ఆపుగుండు కొట్టినాడు. పక్కనుంచి పోవాల్సింది మెడలో దిగింది. అక్కడికక్కడే పానం పోయిందంట.

ఆపుగుండు చంపడానికి కాదు. కింద నుంచి ఎవరొచ్చినా మూడు వందల గజాల కాడ, మన చూపుకు ఎడం పక్కన, భుజానికి మూరెడు దూరంలో ఒక గుండు పోవాల. అది విని వాళ్ళు కూచోవాల. జ్వరం లేదని చూసినాకనే కడవలు నింపేది. ఇంకా దూరంగా కొడితే లెక్కచెయ్యరు, నడిచొస్తానే ఉంటారు. అట్ల నడిచొచ్చిన జ్వరమే ఒకప్పుడు ఈ కట్ట మీద సగం మందిని తీసుకపోయింది. అందుకే తుపాకులు పరీక్ష చేసే నా రేంజిలో అట్ట మీద గీసిన మనిషి బొమ్మకు ఒక్క బొక్క పడినా ఆ తుపాకీ పనికిరాదు. కొట్టడం ఎవరికైనా వస్తుంది. సరిగ్గా తప్పించడానికే ఇన్ని తిప్పలు.

చచ్చిపోయినామె మనుషులు శవాన్ని తీసుకపోయినారు. తిక్కయ్య అనే ముసలాయన ఒక్కడే సున్నం కొట్టిన రాళ్ళ అవతల కూచోనుండాడు. వచ్చే బేస్తవారం లోపల తప్పు చేసినోళ్ళను అప్పజెప్పాలంట, లేకుంటే ఇంక జొన్నలు పంపరంట. వాళ్ళ జొన్నలు లేకుంటే మనం నెల బతకం. వాళ్ళు మన నీళ్ళు లేకుంటే వారం బతకరు.

కట్ట న్యాయం అందరికీ తెలిసిందే. తుపాకీ సరైనదైతే పట్టిన చెయ్యి బయటికి. తుపాకీ తప్పైతే పరీక్ష చేసిన చెయ్యి బయటికి. అంటే మద్దిలేటి, లేకుంటే నేను.

ఆదివారం. అయిదో రోజు

పొద్దున్నే పరీక్ష పెట్టినాం. కట్ట పెద్ద దస్తగిరన్న, ఇంకో ఇద్దరు పెద్దలు నా వెనక బెంచీ మీద కూచున్నారు. నన్ను నేను కాపాడుకుంటానేమో అని వాళ్ళ అనుమానం. ఉండనీ. అట్ట మీద బొక్కలు అందరికీ ఒకే తీరుగా కనపడతాయి.

ఈరమ్మ అట్టల కింద గుంతలో దిగింది. నా చెల్లెలు. గుండు యాడ పడిందో కర్రకు కట్టిన ఎర్ర గుడ్డతో చూపిస్తుంది, బొక్కల మీద కాగితం అతికిస్తుంది. తొమ్మిదేండ్ల నుంచి పనికి కావల్సిన మాట తప్ప నాతో ఇంకో మాట లేదు. ఒకే పొయ్యి మీద వండుకుంటాం, ఎవరి తట్ట వాళ్ళు కడుక్కుంటాం.

మొదటి రెండు గుండ్లు మామూలుగానే లెక్కలోకి తీసుకోలేదు. అది మా అవ్వ కాలం నాటి నియమం, రేంజి గోడ మీద అచ్చు అక్షరాల్లో ఇప్పటికీ ఉంది: "మొదటి రెండూ లెక్కించరాదు." తర్వాతి పది గుండ్లూ ఇసుక సంచుల మీద ఆనించి, గాలి చూసుకోని, నిమ్మళంగా కొట్టినా. పదీ ఎడం పక్కన మూరెడు దూరంలోనే, బెత్తెడు వెడల్పు లోపల పడినాయి. బొమ్మను ఒక్కటీ తాకలేదు. నా చేతుల మీద వచ్చిన తుపాకుల్లో ఇంత బుద్ధిమంతురాలిని తక్కువ చూసినా.

"సరైనదేనా?" అని అడిగినాడు దస్తగిరన్న.

"నీ కండ్లతో నువ్వే చూస్తివి గదా. నన్నెందుకు అడుగుతావు?"

"అయితే రాయి."

రాసినా. తుపాకీ సరైనది. ముద్ర వేసినా. తొమ్మిదేండ్ల కింద ఇదే బల్ల మీద, ఇవే మాటలు నాగశేషు తుపాకీకి రాసినా. నాగశేషు ఈరమ్మ మొగుడు. వాని ఆపుగుండు కూడా ఇట్లనే ఒక మనిషిని తీసింది. వాడు బయటికి పోయినాడు. వాళ్ళ పెండ్లి చేసింది నేనే, పంపిందీ నేనే. చెల్లెలి మొగుడని చూడకుండా నిజం రాసిందని అప్పట్లో ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నా నన్ను. ఆ గర్వం మీదనే ఇన్నేండ్లు తిన్న కూడు అరిగింది, ఉన్నమాటే రాస్తున్నా.

సోమవారం. ఆరో రోజు

మద్దిలేటిని చూడడానికి పోయినా. తూము పక్కన గదిలో పెట్టినారు. నలభై ఏండ్లోడు, పెండ్లాం ఉంది, ఇద్దరు కూతుర్లు. కట్ట మీద అందరికంటే వాగుడుకాయ. నన్ను చూడంగానే జరిగి చాప మీద చోటిచ్చినాడు.

"రా సుంకులక్కా. సావగొట్టి సెవులు మూయను వచ్చినావా?"

"నోరు తగ్గించు. కాల్చేటప్పుడు ఏం చేసినావో చెప్పు."

"ఏం చేస్తాను. నువ్వు నేర్పిందే. స్కోపులో గీత మూరెడు ఎడం పెట్టినా. ఊపిరి బిగబట్టినా. ట్రిగ్గర్ మెత్తగా నొక్కినా. ఆయమ్మ పడిపోయింది." నవ్వబోయినాడు గానీ మూతి వంకర పోయింది. "అక్కా, నేను తాగలేదు, నిద్రపోలేదు. చెయ్యి వణకలేదు. పొగ కూడా సరిగ్గా తెలిసింది నాకు, తెల్లగా ఇంత వచ్చింది ముక్కు మీదికి. ఆముదం దీపం ఆర్పితే వచ్చే కంపు. ఇప్పటికీ పోలేదు ముక్కులోంచి, అన్నం తిన్నా అదే కొడుతుంది."

నేను లేచినా. ఎందుకు లేచినానో అప్పుడు నాకే సరిగ్గా తెలీదు. ఆదివారం పన్నెండు గుండ్లు కొట్టినా, ఒక్కదానికీ ఆ వాసన లేదు.

కానీ ఆ వాసన నాకు తెలుసు. దశమి నాడు కావలి తుపాకులన్నీ వరసగా నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఒక్కోదాని గొట్టంలో గరిటెడు ఆముదం పోస్తాం. పోసేది నేనే. బయట కారింది తుడుస్తాం గానీ లోపలిది తుడవనీయను. పూజ నూనె తుడిస్తే అరిష్టం, అది కాల్చినప్పుడే పోవాల అని కావలోళ్ళకు చెప్పేదాన్నీ నేనే. పండగ దాటినాక చానా తుపాకులు ముందు రేంజికే వస్తాయి, మొదటి గుండుకు ఆ వాసనే కొడతాయి. పూజ వాసన అని ఇన్నేండ్లు ఇష్టంగా పీల్చినా.

ఆ మొదటి గుండు యాడ పడుతుందో నేనెప్పుడూ చూడలేదు. లెక్కలోకి రానిది చూసేదేంది?

గుంత కాడికి ఉరికినా. ఈరమ్మ పిండి జిగురు కలుపుతాంది.

"పండగ దాటినాక వచ్చే తుపాకులు, మొదటి గుండు యాడ పడతాది?"

చెయ్యి ఆపలేదు. "కుడికి."

"ఎంత?"

"ఒకోదానికి ఒకో తీరు. మూర. మూరా జాన. ఒకటి రెండు పైకి కూడా పోతాయి. రెండోది కొంచెం దారికొస్తాది. మూడోది సరిగ్గా పడతాది."

"బొమ్మకు తగులుతాయా?"

"తగులుతాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

అప్పుడు తలెత్తింది. "నువ్వు అడగలేదు. రెండు గుండ్లయినాక నువ్వు బల్ల కాడి నుంచి గుడ్డ ఊపుతావు, నేను కాగితం అతికిస్తా. అట్లనే నేర్పినావు."

పాత అట్టలు గోడకు ఆనించి ఉన్నాయి. కత్తి తీసుకోని పొరలు పొరలుగా చీల్చినా. ప్రతి ఏడాది కాగితం కింద బొమ్మ మెడలో, భుజంలో, పక్కటెముకల కాడ బొక్కలు. మా అవ్వ కాలంలో స్కోపులకు తెలివి ఉండేది. రెండు గుండ్లు చూసి గొట్టం తీరు అవే నేర్చుకోని, మూడోదాన్నుంచి అవే సరిచేసుకునేవి. అందుకే ఆ రెండూ లెక్కించొద్దన్నారు. ఆ తెలివి చచ్చిపోయి అరవై ఏండ్లాయె. ఇప్పుడున్నది వట్టి అద్దం. నియమం మాత్రం గోడ మీద ఉంది, మేం దాన్నే చదువుతా బతికినాం.

కట్ట మీద కావలోనికి మూడో గుండు ఉండదు. వాడు కొట్టేది ఒక్కటే.

రేంజి పుస్తకం తీసినా. తొమ్మిదేండ్ల కింద నాగశేషు కాల్చింది దశమి దాటి నాలుగో రోజు. నా చేతిరాతే. ఈరమ్మ నా భుజం మీద నుంచి చదివింది. జిగురు గిన్నె కింద పెట్టి, గుంత మెట్లెక్కి పోయింది. నేను నేల మీద కూలబడి ఏడ్చినా. ఎవరూ చూడలేదు, చూసినా ఆపేదాన్ని కాదు.

మంగళవారం. ఏడో రోజు

దస్తగిరన్న ఇంటికి పోయి, అట్టలు ముందర పరిచి అంతా చెప్పినా. ఆయన ఒక్కో బొక్కలో వేలు పెట్టి చూసినాడు. తెలివితక్కువోడు కాదు, తొందరగానే అర్థమైంది.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"ఈరమ్మకు."

"ఈరమ్మ ఎట్లా మాట్లాడదు." అట్టలు ఒకదాని మీద ఒకటి పేర్చినాడు. "ఇను సుంకులమ్మా. నూనె పొయ్యడం మానెయ్. ఉన్నదాన్ని తుడిపించు. రేపట్నుంచి ఎవరూ చావరు. దానికి ఇప్పుడు దండోరా ఎందుకు?"

"మద్దిలేటి?"

"మద్దిలేటి లాంటోళ్ళు నలభై మంది ఉండారు నాకు. గురి కుదిర్చేదానివి నువ్వు ఒక్కదానివి. నువ్వు బయటికి పోతే రేపు తుపాకులు ఎవరు చూస్తారు? గురి లేని తుపాకులతో ఎంతమంది చస్తారో చెప్పు. ఒకని కోసం చూస్తే అంతమందిని చంపినట్టే."

ఆయన చెప్పేది అబద్ధమైతే తిట్టి వచ్చేదాన్ని. అబద్ధం కాదు. బయటికి పోవాలంటే భయం కూడా. యాభై రెండేండ్ల ఒళ్ళు, రాళ్ళ అవతల ఒక్క రాత్రి పడుకోలేదు ఎప్పుడూ. సరేలే అన్నా అని ఉంటే ఇంటికి పోయి రొట్టె తినేదాన్ని.

"ఈరమ్మకు పని తెలుసు," అన్నా. "గుండు యాడ పడతాదో నాకంటే దానికే బాగా తెలుసు."

"అది గురి పెట్టగలదా?"

"నేర్చుకుంటాది. అన్నా, నాగశేషును పంపినప్పుడు తెలీక పంపినా. మద్దిలేటిని తెలిసి పంపలేను. నాకు రెండు తూటాలు ఇయ్యి. తుపాకీని బల్లకు బిగిస్తా. ట్రిగ్గర్ నువ్వు నొక్కు. ఆ ముసలాయన్ను కూడా పిలిపించు, చూడనీ."

ఆయన అట్టలు పక్కకు జరిపినాడు. "నీకు మొదట్నుంచీ తిక్కే," అని లోపలికి పోయి తూటాలు తెచ్చినాడు.

పద్నాలుగో నంబరు గొట్టంలో గరిటెడు ఆముదం పోసినా. దశమి నాడు పోసినట్టే నిలబెట్టినా. కుంకుమ మాత్రం పెట్టలేదు.

బేస్తవారం. తొమ్మిదో రోజు

పొద్దున్నే రేంజికి అందరూ వచ్చినారు. మద్దిలేటిని తెచ్చినారు. వాని పెండ్లాం దూరంగా నిలబడింది, కూతుర్లను కొంగు కింద దాచుకోని. తిక్కయ్యను మూతికి గుడ్డ కట్టించి, అందరికీ దూరంగా ఒక రాయి మీద కూచోబెట్టినారు.

తుపాకీని కట్టె బల్లకు బిగించినా. గీత బొమ్మ భుజానికి మూరెడు ఎడం. దస్తగిరన్న స్కోపులో చూసి సరేనన్నాడు. మద్దిలేటిని కూడా చూడమన్నా. "ఆ పొద్దు గీత ఇట్లనే ఉండె," అన్నాడు.

దస్తగిరన్న నొక్కినాడు. తెల్లటి పొగ వచ్చింది. ఆముదం వాసన.

ఎర్ర గుడ్డ లేవలేదు. ఈరమ్మ గుంతలో నుంచి ఎక్కి, మూడు వందల గజాలు నడిచి వచ్చింది. కొలకర్ర చేతిలో ఉంది. పెద్దల ముందర నిలబడి, "మూరా జాన, కుడికి. బొమ్మ మెడలో," అంది. మళ్ళీ నడిచి పోయింది.

తుపాకీని కదిలించకుండా రెండో తూటా వేసినా. ఈసారి గుడ్డ లేచింది. బొమ్మకు బయట, ఎడం పక్కన, గీత మీద నుంచి బెత్తెడు తేడా.

"మద్దిలేటీ, ఇంటికి పో," అన్నాడు దస్తగిరన్న. వాడు పోలేదు. వచ్చి నా కాళ్ళు పట్టుకోబోయినాడు. వెనక్కి జరిగినా. కాళ్ళు పట్టుకుంటే నేను నిలబడలేను.

తాళంచెవులు, లక్క, కొలకర్ర బల్ల మీద పెట్టినా. ఈరమ్మకు రెండు మాటలు చెప్పాలనుకున్నా. గాలి ఎట్ల చూడాల్నో, మరలు ఎంత తిప్పాల్నో చెప్పినా. అసలు చెప్పాల్సింది చెప్పలేదు. తప్పు చేసినా అన్న మాట తొమ్మిదేండ్లకు యాడ సరిపోతుంది? ఆమె మరలు తిప్పేది ఒకసారి చేసి చూపించింది. సరిగ్గానే తిప్పింది.

రోజూ రాసుకునే ఈ పుస్తకం మాత్రం వెంట తెచ్చుకున్నా.

బేస్తవారం. దశమి దాటి పదహారో రోజు

నన్ను వాళ్ళకు అప్పజెప్పినాక చంపుతారనుకున్నా. తిక్కయ్య చంపలేదు. వాళ్ళ గుడిసెల కాడికి తీసుకపోయి రెండు కడవలు నా ముందర పెట్టినాడు.

"మీ గుండుకు పోయిన మారెక్క నా కోడలు. ఆమె పదకొండు మందికి నీళ్ళు తెచ్చేది," అన్నాడు. "ఇంక నువ్వు తేవాల."

"అంతేనా?"

"అంతేనా అంటావేందమ్మా. ఆ గుండు పక్కన పోతాంటే నీకు తెలుస్తాది."

వారమంతా ఆ ఇండ్లలోనే ఉన్నా. పిల్లలు నా దగ్గరికి రారు. తిక్కయ్య ఒక్కడే మాట్లాడతాడు. నిన్న రొట్టె పెడుతూ, తొమ్మిదేండ్ల కింద కూడా కట్ట నుంచి ఒకాయన్ను పంపినారని చెప్పినాడు. పొడుగు మనిషి, ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడంట. పేరు నాగశేషు. ఆయనకూ ఇవే కడవలు ఇచ్చినారంట. రెండేండ్లు మోసినాడు. తర్వాత జ్వరం తగిలి పోయినాడు. రొట్టె నా చేతిలోనే చల్లారిపోయింది.

ఈ పొద్దు నీళ్ళకు పోయినా. మూతికి గుడ్డ, నెత్తిన తువ్వాల, రెండు కడవలు. సున్నపు రాళ్ళు దాటినా. ముప్పై ఏండ్లు స్కోపులో నుంచి చూసిన దారి ఇది. ఇటు నుంచి చూస్తే కట్ట ఇంత ఎత్తుంటదని నాకు తెలీదు. పైన మనిషి కనపడడు, గొట్టం కొస మాత్రం ఎండకు మెరుస్తాది. ఆ గొట్టం తుడిచినారో లేదో తెలుసుకునే దారి లేదు. నడవడం తప్ప ఏమీ లేదు. భయంతో చీర తడిసింది, దాచుకునేదేముంది.

కుడి భుజం పక్కన గాలి చీలింది, శబ్దం తర్వాత వచ్చింది. కూచున్నా. లేవడానికి చాలాసేపు పట్టింది.

కడవలు నింపడానికి కావలి మనిషి దిగుతాడు. ఈ పొద్దు ఈరమ్మ దిగింది. బయటికి పంపినోళ్ళతో మాట్లాడకూడదని కట్ట మీద నియమం. నేను తల వంచుకోనే ఉన్నా.

"గొట్టం నేనే తుడిచినా," అంది. "మూడుసార్లు."

అంతకంటే మంచి మాట నాకు ఎవరూ చెప్పలేదు ఇన్నేండ్లలో. కానీ తిక్కయ్య చెప్పింది నేను దాయలేను, ఇంక ఏదీ దాయలేను. చెప్పేసినా. నాగశేషు రెండేండ్లు బతికినాడని. ఈ దారినే నీళ్ళకు వచ్చినాడని. మూతికి గుడ్డ ఉంటాది, మాట్లాడకూడదు, ఎవరూ గుర్తుపట్టలేదని. నేను కూడా స్కోపులు సరిచూసేటప్పుడు ఎన్నిసార్లో ఈ దారి చూసినానని.

ఆమె పైపు పట్టుకోని నిలబడింది. మొదటి కడవ నిండింది. రెండో దాంట్లోకి మార్చింది.

"ఏ వారం వచ్చేటోడు?"

"బేస్తవారమే. నీళ్ళిచ్చేది ఆ ఒక్క రోజే గదా."

రెండో కడవ నిండింది. పైపు కట్టేసింది. కడవ నా నెత్తి మీదికి ఎత్తింది, రెండోది నడుముకు అందించింది. నీళ్ళు తొణికి నా మెడ మీద పడినాయి.

"బేస్తవారాలు నేను గుంతలో కూచోని కాగితం అతికిస్తాంటి," అంది. "ఆ రెండేండ్లూ ప్రతి వారం ఆపుగుండు ఇనపడేది నాకు."